కాళ్ల కొలతలున్న గది

దివాలా తీసిన కంపెనీలను కోర్టు తరఫున చేతిలోకి తీసుకుని, వాటి సంగతి తేలేదాకా కాపాడటం ఆయన ఉద్యోగం. అందరూ తాళాలాయన అనేవారు. ఆయన తాళం వేసి లక్క ముద్ర కొట్టాడంటే, దోమ కూడా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే తప్ప లోపలికి దూరలేదని గుమస్తాల మాట. ఒకసారి ప్రయాణమవుతూ అలవాటుకొద్దీ సొంత బీరువాకే ముద్ర కొట్టాడని, ఒక్క చీర తీసుకోవడానికి భార్య వాయిదాల మీద వాయిదాలు తిరిగిందని కూడా చెప్తారు. ఆయన్ని చూసినవాళ్లెవరూ ఇది అబద్ధమనరు.

ఆ ఏడాది ఆయన చేతికి వచ్చింది పెట్టుడు కాళ్లు తయారుచేసే కంపెనీ. అడుగుపెట్టగానే అంతా పద్ధతి ప్రకారమే చేశాడు. కంప్యూటర్లు చూసుకునే అతన్ని సంచీ వెతికించి మరీ బయటికి పంపాడు. సర్వర్ గదిలో మెయిన్ స్విచ్ ఆపేశాడు. తాళం, ముద్ర. ఇక దొంగ భయం లేదు, నిప్పు భయం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు.

కొన్నాళ్లకు కుట్టుపని చేసుకునే ఒకావిడ ఫోన్ చేసింది. పెట్టుడు కాలు పగిలిందట. మిషను తొక్కలేకపోతోందట.

"కొత్తది ఇంకోచోట చేయించుకుంటాను సార్. నా కొలతలు ఇప్పించండి చాలు."

ఆయన గది తెరిచి స్విచ్ వేశాడు. సర్వర్ లేచింది గాని నోరు విప్పలేదు. పాస్‌వర్డ్ అడిగింది. నడుస్తున్నంతకాలం తెరిచే ఉన్నది, ఒకసారి ఆరిపోయాక ఆ మాట చెప్పనిదే తెరుచుకోదట. అది తెలిసింది ఒక్కడికే, ఆయన గెంటించినవాడికి. వందలమంది కాళ్ల కొలతలు లోపలే చిక్కుకున్నాయి. కాగితం మీద ఎక్కడా లేవు.

అతని ఇంటికి వెళ్తే తల్లి తలుపు తీసింది.

"మావాడి సంచీ దులిపించింది మీరేనా నాయనా?"

"నేనేనమ్మా."

"ఏమైనా దొరికిందా?"

"అన్నం డబ్బా."

"పోనీ, అదైనా కడిగి పంపారు కాదు. రండి, కూర్చోండి."

కొడుకు లోపలినుంచి వచ్చి నిలబడ్డాడు. "ఒక్క మాట అడిగుంటే సర్వర్ ఆపొద్దని చెప్పేవాణ్ణి సార్."

"కంపెనీవాళ్లని నమ్మకపోవడమే నా పని బాబూ."

"మరిప్పుడు?"

"ఆ పనే ఇప్పుడు నన్ను ముంచింది."

అతను ఇంకేమీ అడగకుండా చెప్పులేసుకున్నాడు.

గదిలో అతను పాస్‌వర్డ్ కొడుతుంటే ఆయన మర్యాదగా గోడవైపు తిరిగాడు.

"అటు తిరుగుతారేంటి సార్? చూసి రాసుకోండి. రేపు నాకేమైనా అయితే వీళ్ల కాళ్లు ఎవరిస్తారు?"

సర్వర్ తెరుచుకుంది. అతను వెంటనే రెండు కాపీలు తీయడానికి పెట్టి, కుట్టుపనావిడకి ఫోన్ కలిపి కొలతలు చదివాడు.

"అయ్యో, అవి పాతవి బాబూ. అప్పటికీ ఇప్పటికీ లావయ్యాను."

"లావు సర్దుకోవచ్చక్కా. మీ నడకకి కుదిరిన వంపు కూడా ఇందులో ఉంది. దాని కోసం మీరెన్నిసార్లు పడి లేచారో గుర్తుందా?"

"గుర్తుంది," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "అది మాత్రం మళ్లీ నావల్ల కాదు."

తాళాలాయన కుర్చీ లాక్కుని, కాపీ పూర్తయ్యేదాకా ఆ సర్వర్ పక్కనే కూర్చున్నాడు, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు.