బజారంతా అటు తిరిగిన రోజు

మా ఆయన దుకాణం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా, అన్నం అడగకుండా, వసారాలో ఉన్న స్టూలు మీద బోర్లా పడుకొని కాళ్ళూ చేతులూ గాల్లో కొట్టుకోవడం మొదలుపెట్టారు. మూర్ఛ అనుకున్నాను. బీరువా తాళాల గుత్తి కోసం లోపలికి ఉరికి, తెచ్చి అరచేతిలో పెట్టబోతే ఆయన తల పక్కకి తిప్పి, "ఏం లేదు, ఈత. మర్చిపోయిన్నా అని చూసుకుంటాన" అన్నారు. మూర్ఛే నయం అనిపించింది నాకు.

అది ఎనభైల మొదట్లో మాట. అప్పట్లో వరంగల్ బట్టల బజార్లో దుకాణం ఉన్న ఇళ్ళ మగవాళ్ళు కూర్చోవడానికే పుట్టినట్టు ఉండేవాళ్ళు. పొద్దున గద్దె మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళకే లేవడం. హనుమకొండలో డిగ్రీ చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, మా మామయ్యవాళ్ళంతా ఓ పెళ్ళిలో వరుసగా నిలబడ్డప్పుడే ఎవరు ఎంత పొడుగో నాకు తెలిసింది. అలాంటి వంశంలో పుట్టిన మా ఆయన అంతకు ముందు ఎండాకాలం ఏటూరునాగారం వైపు ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, బస్సు దొరక్క కొంత దూరం ఎండలో నడిచినందుకే వడదెబ్బ తగిలి పడిపోయారు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ఒళ్ళు కాలిపోతూ ఎవరెవరినో పిలుస్తుంటే, ఒక్కదాన్నే మంచం పక్కన కూర్చొని, చిన్నదాన్ని ఒడిలో వేసుకొని, ఆయన నుదుటి మీద తడిగుడ్డ మార్చుకుంటూ ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాతో, "అమ్మా, ఇంకోసారి గిట్లయితే నేను గ్యారంటీ ఇయ్యలేను" అన్నాడు. ఆ మాట నాకు మాత్రమే వినపడినట్టుంది. ఎందుకంటే ఏడాది తిరక్కుండా ఈయన స్టూలు మీద ఈత కొడుతున్నారు.

సంగతి లాగితే వచ్చింది. హనుమకొండలోని యువజన సంఘం వాళ్ళకు ఎవరో ఫారిన్ పత్రిక చూపించారట. అందులో ఒకే మనిషి ఒకే రోజు ఈత కొట్టి, సైకిల్ తొక్కి, పరుగు పెడతాడట. మనమెందుకు పెట్టకూడదని వీళ్ళకి అనిపించింది. చెరువులో ఈత, హనుమకొండ నుంచి వరంగల్ బజారు మీదుగా సైకిల్ మీద ఓ చుట్టు, తర్వాత పద్మాక్షి గుట్ట పైకి పరుగు. ఎప్పుడంటే, మే నెలలో! (పిల్లలకు సెలవులుంటాయని. పిల్లలే పోటీలో ఉన్నట్టు.)

"మీకెందుకు ఇదంతా?" అన్నాను.

"నవ్విండ్రు. షావుకార్ల పిల్లలకు మీటరు కట్టెతోని కొలుచుడు తప్ప ఏం రాదని సంఘపోళ్ళు నవ్విండ్రు. గెలుచుడు కాదు, పూర్తి చేసుడే గొప్ప."

"పోయినేడు దవాఖానల పండుకున్నరు గదా, అది గూడ పూర్తి చేద్దామనా?"

ఆయన మళ్ళీ స్టూలు మీద బోర్లా పడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోటీ రోజు వరకూ ఆ మంట అలాగే ఉంది. కూరల్లో కారం ఎక్కువైందని మా అత్తమ్మ అంటే, ఎక్కువేం కాలేదని అబద్ధమాడాను.

పోటీ రోజు పిల్లలిద్దరినీ అత్తమ్మకు అప్పజెప్పి, స్టీలు క్యాను నిండా మజ్జిగ, తడి తువ్వాళ్ళు, గ్లూకోజు పొట్లాలు, వడదెబ్బ తగలకుండా ఉల్లిగడ్డలు సర్దుకొని, రిక్షా మాట్లాడుకున్నాను. "పోటీకి వాడు పోతాండా, నువ్వు పోతానవా?" అంది అత్తమ్మ. సూర్యుడు పైకి రాకముందే మొదలవుతుందన్నారు కదా అని ఒక చిన్న ధైర్యం ఉండింది నాకు. చెరువు గట్టు మీదికి వెళ్ళేసరికి ఆ ధైర్యం కూడా పోయింది. ముఖ్య అతిథి రాలేదు. పొద్దెక్కింది. షామియానా కింద కుర్చీలు ఉన్నాయి, అవి అతిథి కోసమట. పోటీదారులంతా నిక్కర్లు వేసుకొని ఎండలో నిలబడ్డారు. నేను సంఘం సెక్రటరీ దగ్గరికి వెళ్ళి ఇంకెప్పుడు మొదలు పెడతారని అడిగాను.

"ముఖ్య అతిథి లేంది ఎట్ల మొదలు వెడ్తం చెల్లే?"

"ఎండకు గూడ కార్డు పంపిండ్రా అన్నా? అది టైముకే వచ్చింది."

అతిథి వచ్చాడు. దండలు వేశారు. శరీర దారుఢ్యం గురించి, ఆయాసపడుతూ, చాలాసేపు మాట్లాడాడు. గాలి విసరడానికి పక్కన ఒక మనిషి. ఆ మనిషి చేతిలోని విసనకర్రను లాక్కొని ఏం చేయాలని నాకు అనిపించిందో ఇప్పుడు రాస్తే బాగుండదు.

ఈతలో మా ఆయన మునగలేదు. అది మాత్రం చెప్పుకోవాలి. అందరూ ఒడ్డెక్కాక, మెడ చుట్టూ నాచు వేలాడుతుండగా, అతిథి కన్నా ఘనంగా సన్మానం జరిగినట్టు బయటికి వచ్చారు. నేను తువ్వాలు పట్టుకొని ఎదురు వెళితే చేత్తో పక్కకు నెట్టి, దుకాణం సైకిల్ (వెనక బట్టల మూటలు పెట్టే ఇనుప క్యారేజీతో సహా) ఎక్కి వెళ్ళిపోయారు. నేను రిక్షాలో వెనక పడ్డాను. కొత్తవాడ దగ్గర జంపఖానాల నూలుకు రంగులద్ది దారి పక్కన ఆరేస్తున్నారు, మా రిక్షా నెమ్మదించింది. ఆ కాస్తలోనే ఆయన కనపడకుండా పోయారు.

అక్కడి నుంచి నేను పడ్డ నరకం ఎవరికీ వద్దు. దూరంగా నలుగురు గుమిగూడితే చాలు, మధ్యలో ఈయనే పడి ఉన్నారనిపించేది. ఒకచోట చెరుకురసం బండి. ఒకచోట రిక్షావాళ్ళ కొట్లాట. ఇంకోచోట ఎవరిదో ఎద్దు కూలబడింది. "ఫికర్ చెయ్యకక్కా, షావుకార్లు అంత జల్ది పడరు" అన్నాడు రిక్షా అన్న. ఓదార్పో ఎత్తిపొడుపో తెలియలేదు.

బట్టల బజారు మొదట్లో కనిపించారు. బతికే ఉన్నారు. కానీ నడుస్తున్నారు! సైకిల్‌ను పక్కన పెట్టుకొని, తల వంచుకొని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు నడుస్తున్నారు. చైను తెగిందేమో అనుకున్నాను. నాలుగడుగులు వేసి సైకిల్ ఎక్కారు. రెండు తొక్కులు తొక్కి మళ్ళీ దిగారు. అప్పుడు అర్థమైంది. పెద్దవాళ్ళ ముందు నుంచి సైకిల్ మీద కూర్చొని పోవడం మా వాళ్ళలో పెద్ద మర్యాద తక్కువ పని. ఆ బజార్లో ప్రతి గద్దె మీదా ఆయనకు పెద్దబాపో, మేనమామో, పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషో ఎవరో ఒకరు ఉన్నారు. పోటీ అయితేనేం, ప్రాణం పోతేనేం, దిగాల్సిందే. ఆ మండుటెండలో దిగుతూ ఎక్కుతూ ఈయన బజారంతా దండాలు పెట్టుకుంటూ పోతున్నారు.

నేను దగ్గరికి చేరేలోపు మా నాయిన దుకాణం వచ్చింది. ఇత్తడి సామాన్ల దుకాణం. ఇక చెప్పాలా? అల్లుణ్ణి నిక్కరు మీద చూసి మా నాయిన సిగ్గుతో గోడకేసి చూస్తూనే, లోపలికి లాగి కూర్చోబెట్టి, తొడల మీద తన కండువా కప్పి, నిమ్మకాయ షర్బత్ తెప్పించాడు. నేను రిక్షా దిగేసరికి ఫ్యాను కింద ఉన్నారు. మొహం కందగడ్డలా ఉంది. అమ్మయ్య, ఆగారు, ఇంక ఇంటికి తీసుకుపోవచ్చు అనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. "నడువుండ్రి, అయింది చాలు" అని చెయ్యి పట్టుకోబోయాను.

అంతలో ఎదురు దుకాణం నుంచి మా పెద్దమామయ్య, అంటే మా ఆయనకు పెద్దబాపు, పొట్ట సవరించుకుంటూ వచ్చాడు. "చాలుతియ్యిరా. నాకు ముందుగాల్నే ఎరికే. మన ఇంట్ల ఉరికినోడు ఎవడున్నడు? పోయి గద్దె మీద కూసో. రేపు బ్యాంకుకు పోయే పని ఉన్నది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా నాయిన కూడా నవ్వాడు. మా ఆయన షర్బత్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

అన్ని వారాలుగా ఆయన మీద పోగేసిన కోపం ఉందే, అదంతా ఉన్నపళంగా వాళ్ళ మీదికి తిరిగింది. ఎలా తిరిగిందో నాకూ తెలియదు. పెద్దమామయ్య ముందు తలెత్తి మాట్లాడటం నా కాపురంలో అదే మొదలు.

"లేవుండ్రి," అన్నాను మా ఆయనతో. తడి తువ్వాలు తలకు చుట్టి, జేబులో ఉల్లిగడ్డ కుక్కి, మజ్జిగ తాగించాను. "ఎక్కుండ్రి సైకిల్." తర్వాత పెద్దమామయ్య వైపు తిరిగాను. "పెద్దమామయ్యా, మీరు జర అటు దిరుగుండ్రి."

"ఎందుకమ్మా?"

"మీరు చూస్తాన్రనే ఆయన దిగుతాండు. మీరు చూడకపోతే ఎవరి ముందట దిగుతడు?"

పెద్దమామయ్య నా మొహం చూసి ఏమనుకున్నాడో, నిజంగానే గోడ వైపు తిరిగాడు. మా నాయిన బిందెల వైపు తిరిగాడు. నేను రిక్షా ఎక్కి, "ముందుకు పోనియ్యన్నా, ఆయన కంటె ముందు పోవాలె" అన్నాను. ఇక చూడండి, ఆ రిక్షా అన్నకు పండగ! గంట కొట్టుకుంటూ, "సేఠ్ సాబ్‌లు! జర అటు దిరుగుండ్రి! మీ పోరడు సైకిల్ మీద వస్తాండు!" అని బజారు దద్దరిల్లేలా అరిచాడు. నేను పైట తల మీదికి లాక్కొని, "మామయ్యా, మీరు గూడ... బాబాయ్, మీరు గూడ" అని బతిమాలుతూ, కోప్పడుతూ పోయాను. ఒక్కొక్క దుకాణంలో ఒక్కొక్క పెద్దమనిషి విషయం తెలుసుకొని తానుల వైపు తిరిగి కూర్చున్నాడు. ఎటు తిరగాలో తోచని ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చీరలు కొనడానికి వచ్చిన ఊరోళ్ళు ఎందుకో తెలియకుండానే వాళ్ళూ అటు తిరిగారు. "పోయిండా?" అని ఒక వీపు అడిగింది. "ఇంకా లేదు, ఆగుండ్రి!" అని ఇంకో వీపు జవాబిచ్చింది. ఆ వీపుల మధ్యలోంచి మా ఆయన హ్యాండిల్ మీది నుంచి చూపు ఎత్తకుండా, ఒక్కసారి కూడా దిగకుండా తొక్కుకుంటూ పోయారు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! గుట్ట మిగిలి ఉంది. నేను చేరేసరికి ఆయన ఎక్కడం మొదలుపెట్టారు. మెట్ల మొదట్లో ఆయన క్యాన్వాస్ బూట్లు పక్కపక్కన పొందికగా విడిచి ఉన్నాయి. గుట్ట మీద గుడి ఉంది కదా! చిన్నప్పటి అలవాటు, కాళ్ళు వాటంతటవే విడిచి ఉంటాయి. పెనంలా కాలిన బండ మీద ఒట్టి పాదాలతో పోతున్నారు. తిట్టుకుంటూ, తువ్వాళ్ళు భుజాన వేసుకొని, బూట్లు ఒక చేతిలో, క్యాను ఒక చేతిలో పట్టుకొని నేనూ వెనకే ఎక్కాను. సగం దూరం పోయాక నా అరికాళ్ళు భగ్గుమంటే కిందికి చూసుకున్నాను. నా చెప్పులు ఎప్పుడు విడిచానో, మెట్ల కిందే ఉన్నాయి. (డిగ్రీ పాసైన మనిషిని.)

పైన ఎవ్వరూ లేరు. సున్నంతో గీసిన గీత ఒకటి, ఖాళీ కుర్చీ ఒకటి. సంఘంవాళ్ళంతా అతిథితో కలిసి భోజనానికి వెళ్ళిపోయారు. ఇంకో మనిషి వస్తున్నాడని వాళ్ళకు గుర్తే లేదు. మా ఆయన ఆ గీత దాటి, బండ నీడలో జారగిలబడి ఉన్నారు. ఒంటి మీద చెమట లేదు. ముట్టుకుంటే నిప్పు. నన్ను చూసి చాలా మర్యాదగా, "పాప్లిన్ ఎన్ని మీటర్లు కావాలమ్మా?" అన్నారు.

నా కోపం, ఆ సెక్రటరీ, ఆ అతిథి, అన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. దవాఖాన మంచం కళ్ళ ముందు కనబడింది. క్యానులో మిగిలిన మజ్జిగంతా తల మీద పోశాను. తువ్వాళ్ళు ఒంటికి చుట్టాను. కొంగుతో విసిరాను. "నేను, నేను" అంటూ చెంపలు తట్టాను. "నాకేం పాప్లిన్ వద్దు, జర కండ్లు తెరువుండ్రి" అని ఏడ్చాను. ఎంతసేపు విసిరానో తెలియదు, చెయ్యి మాత్రం పడిపోయింది. చివరికి ఆయన పెదవుల మీదికి కారిన మజ్జిగ చప్పరించి, మెల్లగా, "ఉప్పు ఎక్కువేసినవు" అన్నారు.

అప్పుడు తిట్టాను. గుడి మీది పావురాలు లేచిపోయేలా తిట్టాను. ఆయన వింటూ, గీత వైపు చూసి, "దాటిన గదా? నువ్వు చూసినవా?" అన్నారు. చూడలేదు. కానీ చూశానని చెప్పాను. రిక్షా అన్న పైకి వచ్చి ఆయన్ని వీపున వేసుకొని దించాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇంట్లో అందరూ పడుకున్నాక రాయడానికి కూర్చుంటే ఆ బజారు వీపులే ముందు గుర్తొస్తున్నాయి. నెత్తిన కొంగుతో రిక్షాలో నిలబడి అరుస్తున్న ఆ కోపిష్ఠి పిల్ల ఎవరో అనిపిస్తుంది. ఇప్పుడు నాకు అంత కోపం రాదు. రావడం లేదే అని కాస్త బెంగ కూడా.

పోటీ మర్నాడు పొద్దున ఆయన బొబ్బలెక్కిన అరికాళ్ళకు కొబ్బరినూనె రాసుకొని, అవి మాత్రం బయటికి చాపి, దుప్పటి ముసుగు పెట్టి పడుకొని ఉన్నారు. పిల్లలిద్దరూ మంచం పక్కన నిలబడి ఆ బొబ్బలను చూస్తున్నారు.

"బాపు ఓడిపోయిండా అమ్మా?" అన్నాడు పెద్దోడు.

"ఓడిపోయిండు. అందరికంటె ఆఖర్న వచ్చిండు," అన్నాను. "గని పైదాక పోయిండు. ఇగ లొల్లి చెయ్యకుండ, పండుకోనియ్యుండ్రి."

"మల్ల ఉరుకుతడా?" అంది చిన్నది.

దుప్పటి కింద ఊపిరి ఆగినట్టయింది. వింటున్నారు.

"ఎండకాలంల నేను పోనియ్య," అన్నాను. "చలికాలంల పెడితె... చూద్దాం."