జతలుగా కొన్న చేపలు

ఆ చేపల కొట్టాయన మీద కోపం నాకింకా పోలేదు. పూజ దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి ఆయన మాట గుర్తొచ్చి, చదువుతున్న నామం తప్పిపోతూ ఉంటుంది. ఇది మంచిది కాదని తెలుసు. జరిగింది వింటే మీకూ కోపం వస్తుంది.

మావారు స్టీలు ప్లాంటులో రిటైరైన రోజున తోటివాళ్ళు నాలుగడుగుల అద్దాల తొట్టి బహుమతిగా ఇచ్చారు. ఖాళీ తొట్టి హాల్లో పెట్టుకుని చూస్తూ ఉండలేక, ఇద్దరం ఆటోలో కంచరపాలెం వెళ్ళాం. రైలుపట్టాల పక్క వీధిలో రంగుచేపల కొట్టు ఒకటుంది. ఆఫ్రికా సరస్సు రకాలంటూ కొట్టాయన సిక్లిడ్లు చూపించాడు. వేలంత కూడా ఉండవు గానీ, రంగులు పట్టుచీరలు విప్పి పరిచినట్టున్నాయి. మా సీతమ్మధార బోరు నీళ్ళలో పప్పు కూడా ఉడకదని చెప్పాను. "ఈటికి అలాటి నీల్లే కావాలమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్కా నిజం చెప్పాడు. అందుకు ఆయనకి కృతజ్ఞురాలినే. మిగతా దేనికీ కాను.

నేను అడిగింది ఒకటే. ఏ చేపనిచ్చినా జతగానే ఇమ్మన్నాను. మా ఇంట్లో పద్ధతి అది. తాంబూలంలో ఆకులు రెండు, పళ్ళు రెండు, పేరంటానికైనా వ్రతానికైనా పీటల మీద దంపతులు. ప్రాణమున్నదాన్ని ఇంటికి తెస్తూ ఒంటరిగా ఎలా తెస్తాం?

కొట్టాయన నా బొట్టు వైపూ, మెడలో తులసిపూసల వైపూ చూశాడు. "జతలే తల్లీ. అన్నీ మొగుడూ పెళ్ళాలే. ఒకటే కుటుంబం, కొట్టుకోవు" అన్నాడు.

రెండు జతలు తెచ్చుకున్నాం. ఒక జతలో రెండూ నిమ్మపండు రంగే. రెండో జతలో మగది పసుపు, ఆడది నీలం మీద నల్ల చారలు. ఆ రకాన్ని కెన్యీ అంటారట. మావారు రాళ్ళు పేర్చారు. నేను సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని నీళ్ళలో వదిలాను.

నాలుగో రోజుకల్లా కెన్యీ మగది తొట్టి మొత్తం తనదే అన్నట్టు తిరగడం మొదలెట్టింది. తన రంగులోనే ఉన్నందుకో ఏమో, నిమ్మపండు జతలో ఒకదాన్ని తరిమి తరిమి పొడిచింది. ఆదివారానికి అది తోక లేకుండా పైకి తేలింది. గన్నేరు మొక్క కింద పూడ్చిపెట్టాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత సొంత పెళ్ళాం మీద పడింది. ఆ నీలం చేప పంపు గొట్టం వెనక మూలన నిలబడిపోయింది. రెక్కలు చిరిగిపోయాయి. మేత వేస్తే రాదు. దవడ కింద ఉబ్బు. మావారు ఫోన్ చేస్తే కొట్టాయన రోగమన్నాడు, నీళ్ళలో కలపడానికి మందు అంటగట్టాడు.

ఆ సీసా మూత తీయబోతుంటే, మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ వచ్చింది. జాలరిపేట మనిషి. వాళ్ళాయన ఇప్పటికీ వేటకి వెళతాడు. గంప గుమ్మంలో దించి, వంగి తొట్టిలోకి చూసింది.

"మందేటమ్మా, మతిపోనాదేటి నీకు? నోట్లో గుడ్లెట్టుకుంది. అందుకే తింటం నేదు."

"నోట్లోనా?"

"ఆఁ. మా జెల్లసేపలూ అంతే. కాకపోతే జెల్లల్లో మొగోడు మోత్తాడు. పిల్లలయ్యేదాకా ఆడు పస్తే. ఈటిలో ఆడదే మోత్తన్నట్టుంది, పైనుంచి తన్నులొకటి."

పక్క గదిలోంచి మావారు నవ్వారు. "మొగోడు మొయ్యడమేటి?"

"నీకేటి తెల్సు బాబూ. నువ్వు సూసిందంతా ఇనుమే కదా" అంది ఆవిడ.

ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆ మూత తీసి ఉంటే ఆ పాపం నాది.

నన్ను బడికి పంపలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని, నాన్నే ఇంట్లో తెలుగూ లెక్కలూ కాస్త ఇంగ్లీషూ నేర్పారు. ఆయన పుణ్యమా అని ఆ సాయంత్రం ఫోనులో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. కెన్యీలు మహా కోపిష్టి చేపలట. నెమ్మదైన పసుపు చేపల్ని వాటితో కలపకూడదట. ఒక మగదానికి ఒక్క ఆడదాన్ని అసలే పెట్టకూడదట. నాలుగైదు ఉంటే వేధింపు ఒక్కదాని మీదే పడదట. తల్లి మూడు వారాలు పస్తుండి పిల్లల్ని నోట్లో మోస్తుందట. బెదిరిపోతే మింగేస్తుందట, లేదా ఉమ్మేస్తుందట.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. మావారు వెనకే వచ్చారు.

"ఒక మగదానికి ఒక ఆడది పనికిరాదని మీకు తెలుసా?"

"తెల్సమ్మా. ఎన్నేల్ల నుంచో ఇదే యాపారం."

"మరి చెప్పలేదేం?"

"జతలు, జతలన్నది మీరు. మీలాటోల్లకి ఒక మొగుడూ నలుగురు పెల్లాలని సెప్తే ఎల్లిపోరేటి? మనిసిని బట్టి మాటాడాల." మావారి వైపు తిరిగాడు. "ఏటి బాబూ, నాను సెప్పింది తప్పా?"

మావారు గోల్డ్ ఫిష్‌లని శ్రద్ధగా చూడసాగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా భక్తిని కొలిచి, దానికి సరిపడా అబద్ధం కుట్టి ఇచ్చాడు. అంతకంటే మంట, అందులో నా వాటా కూడా ఉండడం. నీళ్ళలో బతికేవాటికి పీటల మీది ధర్మం అంటగట్టింది నేనే. కొట్టులో కెన్యీల తొట్టి మీదే, వాటిని ఎలా పెంచాలో చెప్పే చిన్న ఇంగ్లీషు కాగితం అంటించి ఉంది. చదవగలిగి కూడా ఆ రోజు చదవలేదు.

"ఇంకో నాలుగు ఆడవి ఇత్తాను, అట్టుకెల్లండి. సర్దుకుపోతాది."

"తన్నులు పంచుకోడానికా? నాకొద్దు. మీ మగదాన్నే వెనక్కి తీసుకోండి."

"మొగోడు నేకుండా తొట్టికి కళేటుంటాదమ్మా?"

"కళ సంగతి నేను చూసుకుంటాను" అని వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆ మగదాన్ని పట్టడానికి గంట పట్టింది. తల్లి బెదరకుండా ఆ మూలకి అడ్డంగా ప్లాస్టిక్ పళ్ళెం పట్టుకుని నేను నిలబడ్డాను. మావారు భుజం దాకా తడిసి, "ప్లాంటులో ఇంతింత లోహం లొంగింది, ఇది లొంగదేటే" అని గొణుక్కుంటూ వల తిప్పారు. చివరికి మూతబకెట్లో వేసి, తానే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

అప్పట్నుంచి రోజూ తల్లిచేప గొంతు వైపే చూసేదాన్ని. నాకు దేవుణ్ణి అడిగే అలవాటు లేదు. ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకోవడమే నా పూజ. ఈసారి మాత్రం సిగ్గు విడిచి అడిగాను.

ఒక పొద్దున్న కాఫీ వేళకి చూస్తే అది తొట్టి మధ్యకి వచ్చి ఉంది. గొంతు చదునుగా ఉంది. మింగేసిందనుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. కూర్చున్నాను కాబట్టే రాళ్ళ సందు కనిపించింది. బియ్యపుగింజంత పిల్లలు తొమ్మిది, తోకలాడిస్తున్నాయి. మిగిలిన నిమ్మపండు చేప అటు రాబోతే తల్లి ఒక్క ఉరుకున తరిమింది. పాపం, ఆ నిమ్మపండుదాన్ని వెంటనే వేరే టబ్బులోకి మార్చాను.

"ఇందులో మొగపిల్లలెంతమందో" అన్నారు మావారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

నేను మేత డబ్బా అందుకున్నాను. చిటికెడు మేత వేశాను. చిరిగిన రెక్కలతోనే అది పైకొచ్చి, ఇన్నాళ్ళకి నోరు తెరిచి తిన్నది.