పటం వెనక పేపరు

పామిడి చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయబూనితే, ఆంజినప్ప పాత పేపరు చదివే పద్ధతికి ఒక అధ్యాయమైనా కేటాయించక తప్పదు. రాజులు కోటలు కట్టారు, దొరలు రైలు పట్టాలు వేశారు, పెన్నానది అప్పుడప్పుడు పారింది. ఇవన్నీ ఎవరో ఒకరు రాసే ఉంటారు. కానీ ఒక మనిషి నలభై రెండేళ్లుగా, తాను గాజు మీద వేసిన ప్రతి దేవుడి పటం వెనకా అతికించబోయే పాత పేపరును, మొదటి అక్షరం నుంచి అచ్చు వేసినవారి చిరునామా దాకా చదివి మరీ అతికించాడన్న సంగతి ఏ శాసనంలోనూ కనిపించదు.

గోడ తేమకు రంగు పెచ్చులు ఊడకుండా వెనక కాగితం అంటించడం ఆ వృత్తిలో మామూలే. చదవడం మాత్రం ఆంజినప్ప సొంత సంప్రదాయం. టెండరు ప్రకటనలు చదివేవాడు. పోగొట్టుకున్న పాసుపుస్తకాల ప్రకటనలు చదివి, దొరికిందో లేదో అని బాధపడేవాడు. చనిపోయినవాళ్ల ఫోటోలున్న పేజీని మాత్రం పక్కకు తీసేవాడు. లక్ష్మీదేవి వీపుకు వర్ధంతి ప్రకటన అంటించరాదన్నది ఆయన ఏర్పరచిన ధర్మశాస్త్రం. దాన్ని పాటించేవాడు ప్రపంచంలో ఆయనొక్కడే కాబట్టి, ఆ మతంలో చీలికలు రాలేదు.

ఆంజినప్పకు యాభై ఏడేళ్లు. గుత్తి రోడ్డులో రేకుల షెడ్డు, అందులో గాజు పలకలు, స్నానాల గదుల అద్దాలు, ఫ్రేము కట్టే పుల్లలు. కిటికీ అద్దాలు కోయడం ఆయన బతుకు. గాజు బొమ్మలు వేయడం ఆయన విద్య. దేవుళ్ల స్టిక్కర్లు వచ్చాక ఆ విద్యను ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి ఎవరూ అడగడం లేదు. ఊరివాళ్లకు ఆయన అద్దాల ఆంజినప్ప. చిత్రకారుడు అన్న మాట ఆయన వెనక కూడా ఎవరూ అనలేదు.

ఆయన విద్య తిరకాసుది. కాగితం మీద బొమ్మ వేసేవాడు మొదట వెనకుండే ఆకాశం రంగు పూసి, చివరికి కన్ను దిద్దుతాడు. గాజు బొమ్మను వెనక నుంచి వేస్తారు, ముందు నుంచి చూస్తారు. కాబట్టి మొదటి చుక్కే కంటిపాప. తర్వాత నగలు, తర్వాత ఒంటి రంగు, చీర, అన్నిటికంటే చివర ఆకాశం. మొదట చేసిన తప్పు మీద ఎన్ని రంగులు పూసినా అది పోదు, ముందువైపు కనిపిస్తూనే ఉంటుంది. ఇది చాలదన్నట్టు, వెనక కుడివైపు వేసింది ముందు ఎడమవైపు తేలుతుంది. అందుకని ఆయన గురువు, గుత్తి రామప్ప, దేవుళ్లందరినీ ముందే తిరగేసి గీసిన నమూనా కాగితాలు ఇచ్చిపోయాడు. వాటిని గాజు కింద పెట్టి గీత మీద గీత లాగడమే. నలభై రెండేళ్లలో ఏ దేవుడి ఏ చెయ్యి ఎటుండాలో ఆంజినప్ప ఒక్కసారీ ఆలోచించలేదు. రామప్ప కాగితాలే ఆయనకు బదులు ఆలోచించేవి.

ఇంతటి అజ్ఞాత జీవితంలోకి ఉమాదేవి ఫోను చేసింది. ఆమె బెంగుళూరులో క్యూరేటర్. అంటే, బొమ్మలు వేయకుండా బొమ్మల గురించి బాధపడే ఉద్యోగం. అనంతపురం బైపాస్ మీదున్న హోటల్ ఏసీ హాల్లో సమకాలీన చిత్రకారుల, గాజు కళాకారుల ప్రదర్శన పెడుతున్నారనీ, ఆయనా ఒక బొమ్మ పంపాలనీ, ఒక్కొక్కరి నేపథ్యం, స్ఫూర్తి రాసిన బోర్డు ఒక్కొక్క కళాఖండం పక్కన ఉంటుందనీ చెప్పింది.

"మీ స్ఫూర్తి ఏమిటండీ, ఆంజినప్పగారూ?"

"అంటే?"

"మీచేత బొమ్మ వేయించేది ఏది?"

"ఆర్డరు, మేడం."

"అది కాదండీ. లోపలి నుంచి వచ్చేది."

"లోపల ఏముంటాది? మా నాయన వీరప్పకు మేకలుండె. ఎండలో వాటెంబడి తిరగల్యాక, నీడపట్టున కూసోని చేసే పని ఏదన్నా ఉండాదా అని ఎతుకుతాంటి. గుత్తిలో రామప్పను సూస్తి. ఫ్యాను కింద కూసోనున్నాడు, ఎవురో టీ తెచ్చిస్తాండారు. ఇదే పని అనుకుంటి."

ఒక కళాకారుడు తన స్ఫూర్తి గురించి ఇంత నిజం చెప్పిన సందర్భం ఆ ప్రదర్శన మొత్తంలో మళ్లీ రాలేదు. ఉమాదేవికి అది నచ్చలేదు.

"మరి కరువు? కరువు మిమ్మల్ని కదిలించలేదా?"

"కదిలిచ్చింది మేడం. ఎండలో నుంచి రేకుల కిందికి కదిలిచ్చింది."

ఆమె "కదిలిచ్చింది" అన్న మొదటి మాట మాత్రం రాసుకుని ఫోను పెట్టేసింది.

ప్రదర్శనకు ఏ బొమ్మ పంపాలన్న సమస్యను ఆంజినప్ప తల్లి తేల్చేసింది. హనుమంతమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. రోజూ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చేవాళ్లను పోయేవాళ్లను తిట్టడం ఆమె కాలక్షేపం.

"దేవుళ్లను అందురూ సూసినారు గానీ, నా బొమ్మ ఏయిరా" అంది. "నేను సచ్చినాక పెద్ద పటం కట్టిస్తావు, దండేస్తావు. అది నాకు కానొస్తాదా? బతికుండంగా గోడ మీద నా మొగం నేను సూడాల. నలుగురూ సూస్తాండంగా సూడాల."

అప్పటిదాకా ఆమె ముఖం ఎక్కిన గౌరవ స్థానాలు రెండే: రేషను కార్డు, ఆధార్ కార్డు. రెండింట్లోనూ ఆమెను ఆమే గుర్తుపట్టలేదు.

ఆంజినప్ప ఒప్పుకున్నాడు. రామప్ప కాగితాల్లో హనుమంతమ్మ లేదు. అందుకని ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు గాజు మీదికి దించాడు. మొదట కంటిపాపలు, తర్వాత ముక్కుపుడక, తర్వాత ముడతలు. ముడతల దగ్గర తొమ్మిది రోజులు పట్టింది. అంతా అయ్యాక తిప్పి చూశాడు. కళ్లు చూశాడు. అవి తనను తిట్టబోతున్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకేమీ చూడలేక, గాజును బోర్లించి, పేపరు తీసుకుని, ముక్కు ఎగబీలుస్తూ టెండరు ప్రకటనలు చదివాడు.

తల్లి వీపుకు అంటించే పేజీని ఆయన ఎంత శ్రద్ధగా ఎంచాడో చెప్పాలంటే మరో అధ్యాయం కావాలి. చావులు లేవు, ప్రమాదాలు లేవు. వేరుశనగ ధరలు, ఒక బోరుబావుల కంపెనీ ప్రకటన, టమాటా రకాల మీద ఒక సలహా. మైదా గంజితో అతికించి ఆరబెట్టాడు. ఆ వారంలోనే గంజి అక్కడక్కడ పొంగి పగిలింది. బొద్దింకలు రెండు మూలలు కొరికి, తాము వచ్చిపోయినట్టు నల్లటి చుక్కలు వదిలాయి. వెనకదే కదా అని ఆయన పట్టించుకోలేదు. దారిలో గీతలు పడకుండా ముందువైపు అట్ట పెట్టి, చుట్టూ టేపు వేసి, వాళ్లు పంపిన ఫారంలో బొమ్మ పేరు దగ్గర "అమ్మ" అని రాసి, అనంతపురం పోయే బస్సులో పంపాడు. అట్ట తీయండని ఎవరికీ చెప్పలేదు. గాజు బొమ్మకు ముందేదో వెనకేదో తెలియని మనిషి ఉంటాడని ఆయనకు తోచలేదు.

ప్రారంభం రోజు తల్లీకొడుకులు పదకొండు గంటల బస్సెక్కారు. హనుమంతమ్మ కొత్త చీర కట్టింది. బస్సులో పక్కసీటు ఆవిడకు, దారిలో దిగాల్సిన మనిషికి, కండక్టరుకు కూడా, తన బొమ్మ చూడటానికి తానే పోతున్న సంగతి తెలియజేసింది.

హాల్లో మల్లెపూల వాసన కొట్టే మందు ఏదో చల్లారు. మల్లెపూలే ఆ వాసన చూసి ఉంటే అవి సిగ్గుపడేవి. గోడల నిండా బోర్డులు. ఒకాయన స్ఫూర్తి మౌనం. ఆ సంగతి మూడు పేరాల్లో చెప్పుకున్నాడు. ఒకామెకు నీలిరంగు కలలో వచ్చి పిలిచిందట. ముగ్గురి నేపథ్యం మట్టి. ముగ్గురి చేతిగోళ్లూ తళతళలాడుతున్నాయి. తిప్పేష్ అనే గాజు కళాకారుడు బీరు సీసాలను కొలిమిలో కరిగించి, ముద్దలు చేసి, తీగలకు వేలాడదీశాడు. ఒక ముద్ద మీద కంపెనీ పేరు సగం మిగిలే ఉంది. పక్కన బోర్డు: "స్ఫూర్తి: మా అవ్వ కన్నీళ్లు."

ఆంజినప్ప బోర్డు చదివి, సీసా చూసి, మళ్లీ బోర్డు చదివి, అక్కడే ఉన్న తిప్పేష్ వైపు తిరిగాడు.

"మీ అవ్వ తాగుతాండెనా అప్పా?"

"లేదన్నా. అది ప్రతీక."

"పాపం, ఆయమ్మ బతికుండాదా?"

"ఉంది. బళ్లారిలో."

"ఆయమ్మకు ఇది సూపియ్యాకు."

ఇంతలో హనుమంతమ్మ గొంతు హాలంతా వినిపించింది. "రేయ్ ఆంజినప్పా! నా మొగం యాడరా?"

ఎదుటి గోడ మధ్యలో, రెండు దీపాల వెలుగులో, ఆంజినప్ప చేసిన ఫ్రేములో, వేరుశనగ ధరలు వేలాడుతున్నాయి. ఏ పటానికైనా అట్ట ఉన్న వైపే వెనక అని నమ్మిన నగర నాగరికత, అట్టను గోడకు ఆనించి పేపరును లోకానికి చూపింది. కింద "అమ్మ" అని రాసి ఉంది. ఆ పేరు పక్కన గోడ మీద ఒక ఎర్రచుక్క. దాన్ని ఎవరో కొనుక్కున్నారని అర్థం.

పక్కన బోర్డు. "కరువే ఈయన గురువు. నెర్రెలిచ్చిన తల్లినేలను పత్రికా శకలంలో దర్శింపజేసిన ఈ కళాకారుణ్ణి క్షామం కదిలించింది."

ఆంజినప్ప "గురువు" అన్న మాట మీద వేలు పెట్టాడు. "నా గురువు రామప్ప. ఇది సదివింటే ఆయన నా ఈపు పగలగొడుతుండె."

ఉమాదేవి చేతులు జోడించుకుంటూ వచ్చింది. "అద్భుతమండీ. ఈ పగుళ్లు చూడండి, అచ్చం మన నేలే. బోరుబావి ప్రకటన పక్కనే వేరుశనగ ధర, ఎంత వ్యంగ్యం! ఇక్కడ ఈ నల్లచుక్కలు…" ఆమె మరింత దగ్గరికి వంగింది. "ఇవి ఆకలికి చుక్కలు పెట్టినట్టున్నాయి."

"అవి బొద్దింక పెంటికలు, మేడం."

ఆమె కళ్లు మూసుకుంది. "అది ఇంకా గొప్ప."

హనుమంతమ్మ ఫ్రేమును దగ్గరికెళ్లి చూసింది. చదువు రాదు కాబట్టి, ఆమెకు కనిపించింది ఉన్నదే. "పేపరు సూపిచ్చేదానికా ఇంత దూరం తోడుకొచ్చినావు? ఇంటికాడ ల్యావా పేపర్లు?"

"అమ్మగారూ, ఇది మీరే" అంది ఉమాదేవి మెత్తగా. "మీ లోపలి కరువు."

"నాకేం కరువమ్మా? పొద్దున్నే రెండు సంగటి ముద్దలు తినే వచ్చినా."

ఆంజినప్ప జరిగినదేమిటో చెప్పి, బొమ్మను తిప్పి పెట్టమన్నాడు. ఉమాదేవి ఆయనను పక్కకు తీసుకెళ్లింది. ఎర్రచుక్క పెట్టినవారు ఈ వైపే చూసి పెట్టారు. విలేకరులు ఈ వైపే ఫోటో తీసుకుపోయారు. రేపు అన్ని పత్రికల్లో ఆయన పేరు పక్కన చిత్రకారుడు అని ఉంటుంది. ఆయన చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. "అమ్మగారికి ఇంటికెళ్లాక చూపించుకోవచ్చు కదండీ. వెనక వైపు వెనకే ఉంటుంది."

ఆంజినప్ప తల్లివైపు చూశాడు. ఆమె కొత్త చీర కొంగు సర్దుకుంటూ, వేరుశనగ ధరల ముందు నిలబడి ఉంది. నలుగురూ చూస్తున్నారు. ఆమె ముఖం మాత్రం గోడకు ఆనుకుని ఉంది.

"నలభై రెండేండ్లు ఎనకనుంచే ఏసినా మేడం" అన్నాడు. "ఎనకనుంచి సూడమని ఎవురికీ చెప్పలా."

పటాన్ని గోడ నుంచి దించాడు. నున్నటి నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, టేపు పీకి, అట్ట తీశాడు. పంచె కొంగుతో గాజు తుడిచి, తిప్పి, మళ్లీ తగిలించాడు. దీపాల వెలుగు హనుమంతమ్మ ముఖం మీద పడింది. ప్రతి ముడతా వెలిగింది. ఆ కళ్లు హాలు మొత్తాన్నీ తిట్టబోతున్నట్టు చూశాయి.

ఉమాదేవి ఒక అడుగు వెనక్కి వేసింది. బొద్దింక పెంటికలను అంతసేపు ఆరాధించిన ఆమె ముక్కు, ముసలమ్మ ముఖం దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుంది. "ఇది… క్యాలెండర్ బొమ్మలా ఉందండీ" అంది. మౌనం స్ఫూర్తిగా గలాయన కూడా నోరు విప్పి అవునన్నాడు. పటాలు తగిలించే దేవేంద్ర వచ్చి, ఎర్రచుక్కను గోటితో గీకి తీసేశాడు. బోర్డును మాత్రం ఎవరూ తీయలేదు. దాన్ని మళ్లీ అచ్చు వేయించే ఓపిక కళాప్రపంచానికి లేదు.

హనుమంతమ్మ వీటిలో దేన్నీ చూడలేదు. పటం ముందుకు జరిగి, చెంప మీది వెంట్రుక వెనక్కి తోసుకుంది. మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. హాల్లో అందరూ ఏదో ఒక సాకుతో తిప్పేష్ సీసాల వైపు వెళ్లిపోయారు.

"అచ్చం అద్దంలో సూసుకున్నెట్టే ఉండానప్పా" అంది చివరికి.

ఆ రోజు ఆ హాల్లో పలికిన కళావిమర్శ అదొక్కటే. ఆంజినప్ప గుండె నిండిపోయింది. రామప్ప కాగితం లేకుండా, ఆర్డరు లేకుండా, తన కంటితో చూసి వేసిన మొదటి ముఖం. దాన్ని ఆ ముఖం కలదే చూసి ఒప్పుకుంది. తిరుగు బస్సులో గుత్తి వైపు తిరిగి ఒకసారి దండం పెట్టుకున్నాడు.

ప్రదర్శన ముగిశాక పటం పామిడికి తిరిగివచ్చింది. ఇప్పుడు షెడ్డులో, బెంచీకి ఎదురుగా ఉంది. కిటికీ అద్దాలకు వచ్చినవాళ్లు బొమ్మను, బెంచీ మీద కూర్చున్న మనిషిని మార్చి మార్చి చూస్తారు.

హనుమంతమ్మ ముక్కుపుడక కుడి ముక్కుకు ఉంటుంది. బొమ్మలో ఎడమ ముక్కుకు ఉంది.