మా గరాజ్‌లో సెర్బియా సినిమా

మేం వలసొచ్చి ఉంటున్న గంగాలిన్‌ పేటలో మా ఇంటికి కుడిపక్క సెర్బియా పెద్దాయన, ఎడమపక్క బోస్నియా పెద్దాయన ఉంటారు. ఒకరి భాష ఇంకొకరికి బాగా తెలిసినా వాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. వాళ్ళ దేశాల్లో జరిగిన యుద్ధంలో బోస్నియా ఆయన ఇంటిని సెర్బు సైనికులు తగలబెట్టారు.

మొన్న శనివారం సెర్బియా ఆయన వాళ్ళ దేశపు సినిమా ఒకటి తెచ్చాడు. యుద్ధంలో ఇరుగుపొరుగు శత్రువులైపోయిన కథ, పైగా నవ్వించే సినిమా!

"మీ గరాజ్‌లో వేద్దాం మేట్. నువ్వు పిలిస్తే ఆ బోస్నియా ఆయన వస్తాడేమో" అన్నాడు.

పిలిచాను. నిజంగానే వచ్చాడు! నాకు కాలు నిలవలేదు.

"ఏమండీ, ఫైటింగ్ అవుతుందేమో, జాగ్రత్త" అని మా ఆవిడ కాఫీలిచ్చి కూర్చుంది.

తెరమీద ఇద్దరు పొరుగువాళ్ళు ఎదురెదురు కందకాల్లోంచి కాల్చుకుంటున్నారు. ఒకడు తుపాకీ దించి, "నా నిచ్చెన ఎప్పుడిస్తావురా?" అని అరిచాడు.

"నీ ఇంటికప్పుకి నిప్పు పెట్టడానికి ఎక్కాను, అదీ కాలిపోయింది. కొత్తది కొనిస్తాలే!" అన్నాడు రెండోవాడు.

తెర కింద వచ్చే ఇంగ్లీషు అనువాదం చదివి నవ్వబోయి ఆగిపోయాను. సెర్బియా ఆయన ముఖం పాలిపోయింది. బోస్నియా ఆయన లేచి వెళ్ళిపోతాడేమోనని అందరం అటే చూశాం.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, "మా ఇల్లు నిచ్చెన లేకుండానే కాల్చారు. పనిమంతులు!" అని పగలబడి నవ్వాడు.

సెర్బియా ఆయన తన కుర్చీని బోస్నియా ఆయన దగ్గరికి లాక్కుని, వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అడిగాడు. ఆయన జవాబిచ్చాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ జవాబొచ్చింది.

"సినిమా ఆపేయనా?" అంది మా ఆవిడ.

"ఆపెయ్, ఆపెయ్! వాళ్ళు మాట్లాడుకుంటున్నారు" అన్నాను.