తోటల్లో ఉన్న ఊరు

ఆ రోజుల్లో మా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తొచ్చేవి. నూజివీడు వైపు మెట్ట మీదికి ఆ కాలవ ఏనాడూ ఎక్కలేదు. కానీ జిల్లా మొత్తాన్ని కలిపి సగటు తీస్తే మేమూ ఉన్నవాళ్లమే. దాహమేస్తే ఆ సగటు తాగమన్నట్టుండేది ఆఫీసుల తీరు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో ముసునూరు అవతల, మామిడితోటల మధ్య ఉన్న ఒక పల్లెలో నేను టీచరుగా చేరాను. బడికంతటికీ నేనొక్కదాన్నే. మాది గుడి సేవ చేసుకునే కుటుంబం. ఆ మెట్టలో నీళ్లు కూడా దొరకవు, ఎలా ఉంటావే అని అమ్మ బెంగపడింది. నాకు నోరు జాస్తి కాబట్టి నెగ్గుకొచ్చాను.

ఆ పల్లె బతుకంతా మామిడి మీదే. పూత నిలిస్తే పెళ్లిళ్లు, రాలిపోతే పస్తులు. పిందె పడ్డాక ఇళ్లల్లో ఎవరూ ఉండరు. పిల్లాజెల్లాతో సహా తోటల్లోకి కాపలాకు పోతారు. వంటా నిద్రా అక్కడి పాకల్లోనే. తాళంకప్పలు కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి గుమ్మానికి అడ్డంగా ఒక ముళ్లకంప లాగేసి పోయేవాళ్లు. కోతలయ్యాకే ఆ కంప తీసేది.

ఆ కంపే మా నోట మట్టి కొట్టింది. తాగునీటి బోరు కోసం పల్లెవాళ్లు అర్జీ పెట్టుకుంటే, నేను చేరడానికి ముందటి ఏడు వేసవిలో ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, గుమ్మాలకు కంపలు చూసి, జనం వదిలేసిన ఊరని రాసుకుపోయాడట. బోరు ఇంకో ఊరికి పోయింది. మా ఆడవాళ్లు తోట యజమాని మోటారు వేసినప్పుడు పట్టుకున్న బిందెడు నీళ్లతోనే రోజంతా గడిపేవారు.

నేను ఆఫీసు చుట్టూ తిరిగి, విసిగించి, మళ్లీ మనిషిని పంపేలా చేశాను. పొద్దున్నే వస్తామన్నారు. జనమంతా వచ్చి బడి ముందు కూర్చున్నారు. జీపు రాలేదు. తోటల్లో కోతుల మంద దిగిందని తెలిసి అందరూ పరిగెత్తారు. ఒంటిపూట బడి అయిపోయి పిల్లలూ వెళ్లిపోయారు. అప్పుడు వచ్చింది జీపు.

"ఏంటండీ, ఊరంతా ఖాళీగా ఉంది. ఎవరున్నారని బోరు వెయ్యమంటారు?" అన్నాడు ఆఫీసరు.

"అందరూ తోటల్లోనే ఉన్నారు సార్. నాలుగడుగులు నడిస్తే చూపిస్తాను."

"ఈ ఎండలోనా? మేం ఇళ్లు చూసి రాసుకోవాలండీ, తోటలు చూసి కాదు" అని జీపెక్కబోయాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊళ్లో మిగిలింది నడవలేని ఒక మామ్మ మాత్రమే. ఆమె పాక గుంజకు కాపలా డబ్బా వేలాడుతోంది. కోతులూ చిలకలూ వస్తే డబ్బా ఆగి ఆగి కొడతారు. ఎండుటాకుల్లో నిప్పు లేస్తే ఆపకుండా కొడతారు. అది విన్న ప్రతి పాకా తన డబ్బా కొట్టి పక్క తోటకు అందించాలి. నేను కర్ర తీసుకుని ఆపకుండా కొట్టాను.

"అట్టా కొట్టకండి టీచరుగారూ, నిప్పనుకుంటారు" అంది మామ్మ.

"అనుకోనీ మామ్మా."

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత తూర్పు తోటలో ఒక డబ్బా అందుకుంది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే ఊరి చుట్టూ నాలుగు దిక్కులా మోత మోగిపోయింది. ఆఫీసరు జీపు మీద పెట్టిన కాలు కిందికి దించాడు.

చెట్ల మధ్య నుంచి జనం ఊడిపడ్డారు. మగవాళ్ల చేతుల్లో పచ్చి కొమ్మలు, తడి గోతాలు. ఆడవాళ్ల చంకల్లో బిందెలు. వెనక నా బడి పిల్లలంతా.

"నిప్పెక్కడండీ?" అంది ముందు వచ్చినావిడ రొప్పుతూ.

"నిప్పు లేదమ్మా. మీరు ఊళ్లో లేరని సారు రాసుకుంటున్నారు. ఒకసారి కనబడండి."

కొందరికి నా మీద కోపం వచ్చింది, న్యాయమే. ఆవిడ మాత్రం తన బిందెలోకి చూసుకుంది. "పొద్దుగూకే దాకా ఇంటిల్లిపాదికీ ఇయ్యే నీళ్లండి. సగం దారిలోనే ఒలికిపోయినయ్యి" అని ఆఫీసరుతో చెప్పి, "ఎండన పడి వచ్చారు, తాగుతారా?" అని చెంబు ముంచి ఇచ్చింది. ఆయన తీసుకోలేకపోయాడు. మామ్మ పాక నీడన నిలబడి, ఇంటింటి వాళ్లనీ పిలిచి రాసుకున్నాడు. దాచడమెందుకు, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కోతలు పూర్తి కాకముందే బోరు లారీ వచ్చింది. ఆ సంగతి తోటలన్నిటికీ తెలుసు. మొదట దుమ్ము లేచింది, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు తాటిచెట్టంత ఎత్తు చిమ్మాయి. మామ్మ నా కంటే ముందే డబ్బా అందుకుని ఆపకుండా కొట్టడం మొదలుపెట్టింది. తోటల్లో డబ్బాలన్నీ మోగాయి. ఈసారి నిప్పని ఎవరూ అనుకోలేదు. ఆడవాళ్లు బిందెల్లో ఉన్న నీళ్లు మామిడి మొదళ్లలో పారబోసి, ఖాళీ బిందెలతో పరిగెత్తుకొచ్చారు.