అవ్వ ఆగిన చోట

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడు చూసినా నీళ్ళ మోటారు గొడవే. ఆ రోజు మాత్రం ఒక నాటకం కబురు వచ్చింది. కరీంనగర్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో నాటకాలు వేసే బృందం ఒకటి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా పాటల నాటకం తలపెట్టిందట. అమ్మమ్మ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు. ఒక సాయంత్రం కరెంటు పోతుంది, ఫోన్లలో చార్జింగ్ అయిపోతుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు. అప్పుడు పాటలు మొదలవుతాయి. ఎవరైనా రావచ్చు, అనుభవం అక్కర్లేదు, ఆదివారం పొద్దున ఫలానా బడి హాల్లో వేషాలకు ఎంపిక అని రాశారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అనుభవం అక్కర్లేదన్న మాట చదవగానే అమ్మ వేషం నాదేనని ఖాయం చేసేసుకున్నాను. మా ఆయనకు చెబితే, "నువ్వు అమ్మ వేషం ఏస్తే సూసే పిల్లలు హోంవర్క్ యాదికొచ్చి ఏడుస్తరేమో, జర సూస్కో" అన్నాడు. ఆ పూట తన చాయ్ తానే పెట్టుకోవాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే నా కన్ను అమ్మ వేషం కంటే అమ్మమ్మ వేషం మీదే ఎక్కువగా ఉంది. అది మా అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం.

సిరిసిల్లలో మా వాడకంతటికీ పాట ఎత్తుకునే మనిషి మా అవ్వ. బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, ఒకరు చరణం ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. మా వాడ పద్ధతి ఏమిటంటే, ఎత్తుకునే మనిషి 'ఉయ్యాలో' అనదు. ఆ మాట మిగతావాళ్ళది. అవ్వ చరణం పాడి ఆగేది, వాడ మొత్తం ఉయ్యాలో అనేది. మళ్ళీ అవ్వ. ఏ పాటా రాసుకున్నది కాదు, చాలావరకు అప్పటికప్పుడు కట్టేదే. చిన్నప్పుడు ఆ గుంపులో నిలబడి, ఆ గొంతు మా అవ్వదని పక్కపిల్లలకు చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

బాపు, అంటే మా నాన్న, చనిపోయిన ఏడాది బతుకమ్మకు అవ్వ గడప మీద కూర్చుంది. మరుసటి ఏడాది గడప దాకా కూడా రాలేదు. భర్త పోయిన మనిషి ముందు నిలబడి పాట ఎత్తుకోకూడదని వాడలో ఎవరో ఒకరు అనే ఉంటారని నా నమ్మకం. ఎవరన్నారో తెలిస్తే వాళ్ళ వాకిట్లో నిలబడి కడిగేసి వచ్చేదాన్ని. అవ్వను అడిగితే "ఎవ్వలేమన్లే తియ్యే" అనేది. నేను నమ్మలేదు. తర్వాత అవ్వ కరీంనగర్ వచ్చి మా దగ్గరే ఉంటోంది. మా అమ్మాయికి జడలు వేస్తుంది, కూరగాయలవాడితో పోట్లాడుతుంది, సీరియల్లో అత్తను తిడుతుంది. కానీ బాపు పోయినప్పటి నుంచి ఈ నాలుగేళ్ళలో ఒక్క కూనిరాగం కూడా తీయలేదు. నాకు అదే బెంగ. ఒక్కసారి అవ్వ మళ్ళీ పాడితే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగను అనుకునేదాన్ని.

"అవ్వా, నాటకంల అమ్మమ్మ వేషం ఉన్నది. నువ్వు పాడుతవా?" అని అడిగాను.

"నాకెందుకే గియన్ని? నువ్వు పోయి పాడు, నేనొచ్చి సూస్త."

సరేనని, ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. అవ్వకు ఆ సంగతి స్కూటీ దిగాక చెప్పాను. "నీకు మీ బాపు మొండితనమే అచ్చింది" అంది గానీ వెనక్కి తిరగలేదు. అప్పటికే హాలు ముందున్న పిల్లలనూ, వాళ్ళ తల్లులనూ, మేకప్పులనూ చూసి ఆమెకు హుషారు వచ్చేసింది. ఒక పిల్లకు చీమిడి తుడిచింది కూడా.

హాల్లో మధ్యన ఒక బల్ల. దాని వెనక నాటకం ఆడించే కుర్రాడు, ముప్పై దాటి ఉండవు, పక్కన కీబోర్డు వాయించే పెద్దమనిషి. వచ్చినవాళ్ళమంతా గోడవార బెంచీల మీద కూర్చున్నాం. ఆడవాళ్ళే ఎక్కువ. అమ్మ వేషానికి జనం బారులు తీరారు. అమ్మమ్మ వేషానికి మాత్రం మా అవ్వ, మరో ఇద్దరు. అరవై నిండినవాళ్ళు పాడటానికి సిగ్గుపడతారో, పాడమని ఎవరూ అనరో తెలియదు.

ముందు నన్ను పిలిచారు. పొద్దున పిల్లను నిద్ర లేపే సన్నివేశం. బిడ్డా, లేమ్మా, పొద్దెక్కింది అని చెప్పాలి. చెప్పాను. వెనక బెంచీ మీద నిజంగానే కునుకుతున్న ఒక పిల్లాడు లేచి కూర్చున్నాడు.

"మేడం, గా పిల్ల మీ సొంత బిడ్డ అనుకోండ్రి" అన్నాడు కుర్రాడు ఎంతో మర్యాదగా.

"సొంత బిడ్డ అనుకునే గట్లన్న సార్" అన్నాను.

పాట కూడా పాడాను. శ్రుతి తప్పలేదు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ ఎంత మెల్లగా పాడదామన్నా ఆఖరు బెంచీ దాకా వినబడాలన్న అలవాటు నా గొంతును వదల్లేదు. కుర్రాడు తల ఊపి ఏదో రాసుకున్నాడు. అతని మొహం చూస్తేనే నా సంగతి తేలిపోయింది. నాకు కోపం వచ్చింది, కానీ ఆ కోపాన్ని పక్కన పెట్టాను. తర్వాత పిలిచింది అవ్వను.

అవ్వ లేచి కొంగు భుజం మీదుగా తిప్పి నడుముకు దోపుకుంది. బతుకమ్మ ఆడటానికి ముందు అలాగే దోపుకునేది.

"ఏ పాటయినా పర్వాలేదమ్మా. మీకొచ్చింది పాడుండ్రి" అన్నాడు కుర్రాడు.

అవ్వ కాసేపు గోడను చూసింది. తర్వాత ఎత్తుకుంది.

"పొద్దు పొద్దున లేచి పోగులతికితినమ్మ..."

గొంతు కొంచెం బొంగురుపోయింది, కానీ అదే గొంతు. నాలుగేళ్ళ తర్వాత విన్నాను. ఎక్కడో అడుగున దాచిన బట్ట తీసి కప్పినట్టు ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ ఒక్క చరణం పాడి అవ్వ ఆగింది.

ఆగి, అలాగే నిలబడింది.

కీబోర్డు పెద్దమనిషి రెండు స్వరాలు వాయించి చూశాడు. అవ్వ కదల్లేదు. కుర్రాడు ముందుకు వంగాడు. "మర్చిపోయిన్రా అమ్మా? ఏం ఫికర్ లేదు, నిమ్మలంగ మల్ల మొదలువెట్టుండ్రి."

అవ్వ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. నా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం, పెద్దామె పరేషాన్ అయితుంది" అని ఇంకెవరో జాలిపడ్డారు. ఆ నవ్వు కంటే ఆ జాలి నాకు ఎక్కువ మండింది. ఇద్దరినీ కలిపి నాలుగు మాటలు అందామని లేచాను. తప్పు నాదే, ఒప్పుకోని మనిషిని తెచ్చి పదిమందిలో నిలబెట్టాను, ఇప్పుడే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోతాను అనుకున్నాను.

అప్పుడు అవ్వ చేతులు కనబడ్డాయి. ఒక చప్పట కొట్టి, రెండోదానికి చేతులు విప్పి, అలాగే గాలిలో ఆపి ఉంచింది. మనిషి ఏమాత్రం బెదిరిపోలేదు. మొహం ప్రశాంతంగా ఉంది. ఆమె ఏమీ మర్చిపోలేదు. తన వంతు తాను పాడేసి, మా వంతు కోసం చూస్తోంది. జీవితంలో ఎప్పుడూ ఒక్కతే పాడిన మనిషి కాదు. పాటంటే సగం తనది, సగం ఎదుటివాళ్ళదని తప్ప ఆమెకు ఇంకోలా తెలియదు.

"ఉయ్యాలో" అన్నాను నేను. హాలంతా వినబడింది. ఆఖరు బెంచీ గొంతు ఆ రోజుకు పనికొచ్చింది.

అవ్వ నా వైపు కూడా చూడలేదు. రెండో చప్పట కొట్టింది.

"తెగిన పోగుల కొనలు ఎతికి పట్టితినమ్మ..."

ఈసారి నాతో పాటు మరో రెండు గొంతులు లేచాయి. మూడో చరణానికి గోడవార బెంచీల మీద ఉన్న ఆడవాళ్ళంతా ఉయ్యాలో అన్నారు. ఆ పాట వాళ్ళెవరికీ తెలియదు, కానీ అందుకోవడం ఎవరికి తెలియదు? నాలుగో చరణానికి ఒకావిడ లేచింది, ఆమె వెనక ఇంకొకరు. అవ్వ పక్కకు అడుగు వేసింది, వంగి చప్పట కొట్టింది, వాళ్ళూ వంగారు. మధ్యలో బతుకమ్మలు లేవు కాబట్టి ఉన్న బల్ల చుట్టూనే తిరిగాం. అంటే నాటకం ఆడించే కుర్రాడూ, కీబోర్డు పెద్దమనిషీ బతుకమ్మల చోట కూర్చున్నారన్నమాట. పెద్దమనిషి వాయిస్తూనే ఉన్నాడు. కుర్రాడు మాత్రం కాగితాలు గుండెకు పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. నేను ఏడుస్తూ నవ్వుతూ తిరిగాను. అంతకుముందు కిసుక్కుమన్నావిడ నా ముందే ఉంది, భలేగా ఆడింది. ఆమె మీద కోపం ఎటు పోయిందో పోయింది.

పాట అయ్యాక కుర్రాడు లేచి వచ్చి అవ్వ చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, ఎంత మంచిగ పాడిన్రు. కనీ నాటకంల చీకట్ల మీరొక్కరే పాడాలె. అందుకునేటోళ్ళు ఉండరు. ఒక్కసారి ఆగకుంట పాడి సూపిస్తరా?"

"ఆగకుంట ఎట్ల పాడుతరు బిడ్డా?" అని అవ్వ నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. కాసేపు ఆలోచించి, "నాతోని కాదు. ఇంకెవలన్న మంచోళ్ళను సూస్కోండ్రి" అంది.

నాటకాన్నే మార్చుకోవచ్చు కదా అని నేను ఆ కుర్రాడితో చాలాసేపు వాదించాను. అతను ఓపిగ్గా విన్నాడు. ఫలితం ఇక్కడే చెప్పేస్తాను, మా ఇద్దరికీ వేషం రాలేదు. నాటకానికి మాత్రం వెళ్ళాం. అమ్మమ్మ వేషం వేసినావిడ బాగా పాడింది, ఒప్పుకోక తప్పదు. అమ్మ వేషం వేసినావిడ గురించి నేనేమీ మాట్లాడను.

ఆ ఆదివారం ఇంటికి వస్తూ, స్కూటీ మీద వెనక కూర్చున్న అవ్వతో వాడ గురించి మొదలుపెట్టాను. నాలుగేళ్ళ కోపం మరి. "సూసినవా అవ్వా? ఎవ్వలన్న వద్దన్నరా నిన్ను? మన వాడోళ్ళకే ఎక్కడలేని పద్ధతులు. నీ నోరు మూపిచ్చిన్రు."

"వాడోళ్ళను ఎందుకే అంటవు? ఏటేట ఇంటికొచ్చి చెయ్యి వట్టి గుంజిన్రు. నేనే పోలే."

"మరెందుకు పోలే?"

అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. మా అవ్వా బాపూ పనిచేసింది ఒకే కార్ఖానాలో. బాపు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు, అవ్వ ఓ మూలన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. యంత్రాల దగ్గరికి పిల్లలను రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి లోపల ఏం జరిగేదో నాకు తెలియదు.

"కండెలు సుట్టుకుంట నేను ఎత్తుకునేదాన్ని. మీ బాపు సాంచ కాడ నిలవడి అందుకునేటోడు" అంది అవ్వ. "ఇయ్యాల పాడింది గా పాటనే. పండుగకు వాడ అందుకునేది తొమ్మిదొద్దులే. ఆయన ఏడాదంత అందుకున్నడు. ఆయన పోయినంక ఎత్తుకుందామంటే నోరు రాలేదే. ఆగిన కాడ ఆయన గొంతు ఇనరాకపోతే ఎట్ల అని భయమైంది."

బాపు ఇంట్లో పదిమాటలకు ఒక మాట మాట్లాడే మనిషి. ఆయన నోట పాట ముక్క కాదు కదా, ఈల కూడా నేను వినలేదు. అలాంటి మనిషి అన్నేళ్ళపాటు, అంత రొదలో, పెళ్ళాం పాటకు ఉయ్యాలో అంటూ పనిచేశాడా! నాకు ఏడుపు ఆగలేదు. హెల్మెట్ అద్దం మసకబారిపోయింది. వాడ మీద పెంచుకున్న కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు. బాపు ఒక్కసారి కనబడితే బాగుండుననిపించింది, ఆ ఉయ్యాలో ఆయన చేత అనిపించి, విని పంపించేదాన్ని.

సిగ్నల్ పడింది. బండి ఆపాను. పక్కన ఆటో, అటుపక్క మంచిర్యాల బస్సు, అన్నీ హారన్లే.

వెనక అవ్వ మెల్లగా ఎత్తుకుంది. నా ఒక్కదానికే వినబడేంత మెల్లగా. చరణం పాడి ఆగింది.

నేను అద్దం పైకెత్తి, తొమ్మిదో తరగతి ఆఖరు బెంచీకి చెప్పినట్టు, "ఉయ్యాలో" అన్నాను. ఆటో డ్రైవరు ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

అవ్వ నా వీపు మీద చిన్నగా తట్టింది.

"జర గట్టిగనవే బిడ్డా. మీ బాపు ఇంక గట్టిగ అనేటోడు."