పేడర్ సమాధి ఫారం

రాగ్న్‌ఫ్రిడ్ పాతికేళ్లు చేపల ప్యాకింగ్‌లో పనిచేసి, నడుం పాడయ్యాక కంప్యూటర్ కోర్సు చదివింది. ఇప్పుడు మా చర్చి ఆఫీసులో వెబ్ ఫారాలు చూసేది ఆమే. తెరమీద కనిపించే మాటను ఆమె నమ్మదు. దాని వెనక ఏ అంకె వెళ్లిందో చూశాకే నోరు విప్పుతుంది. ఇంట్లో మొగుడితోనూ ఇదే పద్ధతని ఊళ్లో నవ్వుకుంటారు.

మా దగ్గర సమాధి స్థలం ఇరవయ్యేళ్లకే ఇస్తారు. గడువు తీరాక ఇంటివాళ్లు ఫారం పంపాలి. అందులో నొక్కితే తెరుచుకునే చిన్న జాబితా ఉంటుంది: 'ఉంచండి', 'వదిలేస్తున్నాం'. వదిలేస్తే రాయి తీసేసి, అక్కడే మరొకరిని పూడుస్తారు. పోయిన అక్టోబరులో తొలగింపు చీటీలు పడిన రాళ్లు ఎన్నడూ లేనన్ని కనిపించాయి. అయినా ఆఫీసుకు ఒక్క ఫోనూ రాలేదు. తోబుట్టువుల్లో ఎవరో వదిలేసి ఉంటారని ఎవరికివారు అనుమానపడి, అడిగితే గొడవని ఊరుకున్నారు. మావాళ్లు అంతే.

చివరికి గోతులు తవ్వే శ్యూర్ వచ్చాడు.

"ఏమ్మా, నీ కంప్యూటర్ చచ్చినవాళ్లని కూడా ఖాళీ చేయిస్తోందా?"

"నీకు పని పెరిగిందని ఏడుపా?"

"నా ఏడుపు సరే. ఇరవయ్యేళ్ల కిందట పోయిన పేడర్ రాయిమీద చీటీ అంటిస్తే పొద్దున్నకల్లా ఉండట్లేదు. పక్కవి మాత్రం భేషుగ్గా ఉన్నాయి. మంగళవారం ఆ చోటు తవ్వమని రాసిచ్చారు మరి."

రాగ్న్‌ఫ్రిడ్ కంప్యూటర్లో సమాధుల పట్టీ తెరిచింది. నలభై ఒక్క సమాధులు, అన్నిటికీ సున్నా. పట్టీలో సున్నా అంటే వదిలేశారని, ఒకటి అంటే ఉంచాలని. కారణం గంటలో దొరికింది. ఫారం తెరవగానే 'ఉంచండి' అన్న మాట ముందే కనిపిస్తుంది. తమకు కావలసింది అదే కాబట్టి జనం జాబితాను తాకకుండా పంపేశారు. తాకని జాబితా ఏమీ పంపదు. ఖాళీని ఏం చేయాలో తెలియని పాత పట్టీ దాన్ని సున్నాగా మార్చి రాసుకుంది.

ఆమె ఫారాన్ని సరిచేసింది. ఇప్పుడు ఎంచుకోకపోతే అది కదలదు. మళ్లీ పంపమని అందరికీ కబురు పెట్టింది. శుక్రవారానికి నలభై ఇళ్లవాళ్లు మళ్లీ పంపారు, అన్నీ ఒకట్లే. పేడర్ భార్య ఓలౌగ్ మాత్రం పంపలేదు. సోమవారం మధ్యాహ్నం రాగ్న్‌ఫ్రిడ్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లింది. కిటికీ అవతల మంచు పొగ, సముద్రం కనిపించడం లేదు.

"చీటీలు చింపింది నేనే. పోలీసుల్ని తెచ్చావా?" అంది ఎనభై నాలుగేళ్ల ఓలౌగ్, కాఫీ పోస్తూ.

"లేదు పెద్దమ్మా. నీ టాబ్లెట్ తీసి 'ఉంచండి' నొక్కు, చాలు."

ఓలౌగ్ నొక్కింది. రాగ్న్‌ఫ్రిడ్ కళ్లారా చూసింది. పట్టీలో సున్నా పడింది. వచ్చింది చూస్తే ఖాళీ కాదు, అచ్చంగా సున్నాయే. ఈసారి రాగ్న్‌ఫ్రిడ్ తనే నొక్కి పంపింది. సున్నా. అదే టాబ్లెట్ నుంచి తన తల్లి సమాధికి పంపితే ఒకటి. తన ఫోన్ నుంచి పేడర్‌కి పంపితే మళ్లీ సున్నా.

"నా మాటకి అడ్డుపడటం అలవాటే ఆయనకి," అంది ఓలౌగ్. "నన్ను కాల్చి బూడిద సముద్రంలో కలపవే అని ఎన్నోసార్లు చెప్పాడు. నాకు వెళ్లి కూర్చునే చోటు కావాలని మట్టిలో పెట్టించాను. ఇరవయ్యేళ్లు నా మాటే నెగ్గింది."

"యంత్రం లోపం పెద్దమ్మా ఇది. నువ్వు సంతకం పెట్టు, నేను చేత్తో ఒకటి అని ఎక్కిస్తా."

సంతకం అయింది. రాగ్న్‌ఫ్రిడ్ పట్టీలో ఒకటి ఎక్కించింది. ఇద్దరూ కన్నార్పకుండా చూశారు. ఒకటి అలాగే ఉంది.

"ఊరుకున్నాడు," అంది ఓలౌగ్. చాలాసేపు ఆ అంకెనే చూసింది. తరవాత టాబ్లెట్ దగ్గరికి లాక్కుని, జాబితా తెరిచి, 'వదిలేస్తున్నాం' నొక్కింది. "ఇది లోపం కాదు. నా వేలే. మార్చకు."

మంగళవారం పొద్దున శ్యూర్ ఆఫీసుకు వచ్చి రాగ్న్‌ఫ్రిడ్‌ని సమాధుల గుట్టమీదికి పిలుచుకెళ్లాడు. పేడర్ గోతిలో శవపెట్టె చెక్క ముక్కైనా, ఎముకైనా లేదు. అడుగంతా తడి ఇసుక, ఉప్పు వాసన.

"ఒకప్పుడు ఈ గుట్టంతా సముద్రం అడుగేగా," అంది రాగ్న్‌ఫ్రిడ్.

"పక్క గోతులన్నీ బంకమట్టే. నేనేగా తవ్వింది."

ఓలౌగ్‌కి చెప్పాలా వద్దా అని రాగ్న్‌ఫ్రిడ్ తేల్చుకునేలోపే శ్యూర్ బకెట్‌లోకి నాలుగు పారల ఇసుక ఎత్తి, ఓలౌగ్ ఇంటివైపు దిగువకు నడిచాడు.